భుజమెక్కిన బిడ్డయు వెనుకనున్న బిడ్డయు

జాతరలో బిడ్డను భుజముపై నెక్కించుకొనుట తండ్రి వాత్సల్యమునకు గుఱుతని మనవారి యభిప్రాయము. వాత్సల్యమగుట నిజమే. కాని యా వాత్సల్యము వలన వెనుకనున్న నలుగురు బిడ్డలకు తెర పడుచున్నదని యెవ్వరును తలంపరు. దీనిని మర్యాదయని మేమొప్పుకొనజాలము.

విజయనగరమున దసరా వెళ్లిన తొలి మంగళవారమునాడు జరుగు పైడితల్లి సిరిమానోత్సవమునే చూడుడు. గుడికిని కోటకును నడుమ సిరిమాను మూడుసార్లు తిరుగును. పొడవైన మాను కొనయందు కూర్చుండిన పూజారి జనుల తలలకు మిక్కిలి పైనుండును. ఆయనను చూచుటకు భుజములతో పని తక్కువ. పిల్లలు కోరునది ముందు నడచు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము. ఇవి వీధిమట్టమున సాగునవి. భుజములు లేచునది యిక్కడనే. ఒకడు తన బిడ్డ నెత్తగానే వెనుకవాడును ఎత్తవలసివచ్చును; వాని వెనుకవాడు మునివ్రేళ్లపై నిలుచును; ఎత్తువారెవ్వరును లేని ముసలమ్మ మనుమరాలి చేయి పట్టుకొని, ముందువారి వీపులు చూచి యింటికి పోవును. ఇప్పుడు సెల్‌ఫోనులు పట్టిన చేతులును చేరినవి. వానిని గూర్చి వేఱుగ వ్రాయవలసియున్నది.

“బిడ్డను దింపినచో తొక్కిసలాటలో నలిగిపోడా?” యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. 2015 జూలై 14న రాజమహేంద్రవరమున గోదావరి పుష్కరఘట్టము కడ తొక్కిసలాటలో ప్రాణములు పోయిన సంగతి మఱవదగినది కాదు. ఇరుకు గుంపులో బిడ్డను నేలపై దింపుడని మేము చెప్పము. ఆ గుంపులోనికి తీసికొనిపోవలదనియే చెప్పుదుము. గోడవారనో, అరుగు ప్రక్కనో, అందఱకును వెనుకనో నిలిచి యెత్తుకొన్నచో బిడ్డకు కనబడును, ఊపిరియాడును, ఒరుల కడ్డము రాదు. ముందువరుసలో నున్నవానికి ఎత్తవలసిన యవసరమేమి? తన కాళ్లముందు నిలుపుకొని, ప్రక్కన ముసలమ్మ మనుమరాలికిని చోటిచ్చినచో వాని సొమ్మేమి పోయినది?

తోలుబొమ్మలాట నాడిన రాత్రులలో మన పల్లెల పిల్లలు తెరముందు చాపలపై కూర్చుండెడివారు. పెద్దలు వెనుక నుండెడివారు. ఎవరి పిల్లలని యెవ్వరును అడిగెడివారు కారు. అక్షరము రానివారు నేర్పిన పద్ధతి యది. చదువుకొన్న మనము బడి వార్షికోత్సవములలో ముందు సోఫాలపై అతిథులను కూర్చుండబెట్టి, ఎవరికొఱకు నాటకమాడించుచున్నామో యా పిల్లలను వెనుక నిలుపుచున్నాము. ఆ సోఫాలను ప్రక్కకు జరుపుడని యొక పాఠశాలవారి నడిగితిమి. పెద్దలు నొచ్చుకొందురని బదులు వచ్చినది.