వైరు తెగేది మెడ దగ్గరే

ఈ నెల ఫోన్ ఛార్జర్ వైరు గురించి రాయమని మా పక్కింటి అమ్మాయి అడిగింది. వాళ్లింట్లో రెండు మూడు నెలలకి ఒక వైరు కొంటున్నారంట. మా ఇంట్లోనూ అదే కథగా ఉండేది.

నేను చదివింది ఐదో క్లాసు. కరెంటు చదువు నాకు లేదు. కానీ 1981లో పెరంబూరు బి అండ్ సి మిల్లులో చేరి, 1996లో అది మూతపడేదాకా రింగ్ ఫ్రేమ్ దగ్గరే నిలబడ్డాను. పోగు ఎక్కడ తెగుతుంది, ఎందుకు తెగుతుంది అనేది చేతికి తెలుసు. ఛార్జర్ వైరు కూడా పోగులే. పాడైనది ఒకటి బ్లేడుతో కోసి చూశాను. పైన ప్లాస్టిక్ తొడుగు, దాని కింద వెండి కాగితం లాంటి రేకు, లోపల ఎరుపు, నలుపు, పచ్చ, తెలుపు నాలుగు సన్న వైర్లు. ఎరుపూ నలుపూ కరెంటుకి. పచ్చా తెలుపూ ఫోటోలూ అవీ కంప్యూటర్‌కి పంపడానికి. ఒక్కో దాంట్లో వెంట్రుకల్లాంటి రాగి పోగులు.

కట్టుతీగెని ఒకే చోట అటూ ఇటూ వంచితే వేడెక్కి పుటుక్కున తెగుతుంది కదా, ఇదీ అంతే. పిన్ను గట్టిది, వైరు మెత్తనిది. రెండూ కలిసే మెడ దగ్గరే వంపంతా పడుతుంది. ముందు నాలుగు పోగులు తెగుతాయి. మిగతావి ఆ కరెంటంతా మోయాలి. అప్పుడు మెడ వేడెక్కుతుంది, ఛార్జి మెల్లగా ఎక్కుతుంది.

ఇది నాకు తెలిసొచ్చిన సంగతి చెప్తాను. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చింది గుర్తుందా? మా వైరు అప్పటికే మెడ దగ్గర పోయింది. ఒక పక్కకి వంచి, కింద అగ్గిపెట్టె పెడితేనే పని చేసేది. మా ఆవిడ "కొత్తది కొనండి" అంటూనే ఉంది. నేను "ఇంకా నడుస్తోంది కదా" అనేవాణ్ణి. 3వ తేదీ రాత్రి అలాగే పెట్టి పడుకున్నాం. అగ్గిపెట్టె ఎప్పుడు జరిగిందో తెలీదు. 4వ తేదీ పొద్దున లేచి చూస్తే ఫోన్ చచ్చిపోయి ఉంది, కరెంటు కూడా పోయింది. కొరుక్కుపేటలో మా అక్క ఒక్కతే ఉంటుంది. చేసి చేసి, మేము ఎత్తకపోయేసరికి ఏమైందో అని మూడో రోజు మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చేసింది. దారిలో నీళ్ల అడుగున రేకు కోసుకుని పాదానికి ఆరు కుట్లు. "ఒరే తమ్ముడూ, నువ్వు బతికున్నావు, అది చాల్రా" అంది. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ బాధ. తప్పు వానది కాదు, నాదే.

ఇప్పుడు మా ఇంట్లో పాటించేవి చెప్తాను.

ఒకటి, పీకేటప్పుడు వైరు పట్టుకుని లాగొద్దు. పిన్ను పట్టుకుని నేరుగా తియ్యాలి.

రెండు, ఫోన్‌ని వైరుకి వేలాడనివ్వొద్దు. మన ఇళ్లల్లో ప్లగ్ తలెత్తులో ఉంటుంది, కింద బల్ల ఉండదు. మా ఆవిడ పాత చొక్కా జేబుతో చిన్న సంచి కుట్టి స్విచ్ బోర్డు పక్కన మేకుకి తగిలించింది. ఫోన్ అందులో కూర్చుంటుంది. ఛార్జి ఎక్కేటప్పుడు పొట్ట మీద పెట్టుకుని సినిమా చూసినా మెడే విరుగుతుంది.

మూడు, అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టొద్దు. కోన్ మీంచి దారం పైకి లాగితే ఒక్కో చుట్టుకి ఒక మెలి పడుతుంది, మిల్లులో చేసినవాళ్లకి తెలుసు. వేళ్లకి వైరు చుట్టినా అదే మెలి. అందుకని జానెడు వెడల్పు చుట్టలు వేసి, ఒకటి మామూలుగా, తర్వాతది చెయ్యి లోపలికి తిప్పి వెయ్యండి. ఒకదాని మెలి ఇంకోటి తీసేస్తుంది.

నాలుగు, కొత్త వైరు కొన్న రోజే మెడకి కాపు కట్టండి. కుట్టు మిషన్ నూలు దారంతో పిన్ను దగ్గర దగ్గరగా, పోనుపోను వదులుగా, రెండంగుళాలు చుట్టండి. వంపు ఒకే చోట కాకుండా పరుచుకుంటుంది. రిచీ స్ట్రీట్‌లో వేడి చేస్తే ముడుచుకునే గొట్టం దొరుకుతుంది, అదైనా సరే. తెగిన తర్వాత కట్టి లాభం లేదు, లోపలి రాగి అతుక్కోదు.

ఐదు, తడి చేత్తో పెట్టొద్దు, చెమట జేబులోంచి తీసిన ఫోన్‌ని తుడిచి పెట్టండి. తడి మీద కరెంటు పోతే పిన్ను నల్లబడుతుంది. సముద్రం గాలికి మన ఊళ్లో ఇది మరీ తొందర.

ఆరు, వైరుని తిట్టే ముందు ఫోన్ రంధ్రం చూడండి. జేబులోని నూలు దూది అందులో చేరి పిన్ను పూర్తిగా కూర్చోదు. ఫోన్ ఆపి, పొడి పన్నుపుల్లతో మెల్లగా తియ్యండి. గుండుసూది వద్దు.

కొనేటప్పుడు ఒక మాట. ఇప్పుడు ఎక్కువ ఫోన్లకి టైప్-సీ పిన్నే. యూరప్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకి అదే ఉండాలని చట్టం పెట్టారు. పదివేల సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా ఆ పిన్నుని తయారు చెయ్యాలని లెక్క. రోజుకి రెండుసార్లయితే పదమూడేళ్లు! అంటే పిన్ను అరిగి పోవట్లేదు, మనం మెడ విరిచి పోగొడుతున్నాం.

ఇంత చెప్పినా, దేనికైనా ఆయుష్షు ఉంటుంది. మెడ వేడెక్కినా, తొడుగు చిరిగి లోపలి వైరు కనిపించినా, వంచితేనే ఛార్జి ఎక్కినా ఆ రోజే తీసెయ్యండి. టేపు చుట్టి పరుపు మీద, దిండు కింద పెట్టి పడుకోవద్దు, అంటుకుంటుంది. నాసిరకం అడాప్టర్ అయితే 230 వోల్టులు ఆ చిరిగిన వైరులోకే రావచ్చు, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు జాగ్రత్త. రాగి కోసం వైర్లు కాల్చొద్దు, ఆ పొగ విషం.

పొదుపు మంచిదే. మనం దాంతోనే బతికాం. పోగు తెగితే ఫ్రేమ్ ఆపకుండా అతికించేవాళ్లం, కానీ బాబిన్ విరిగితే అవతల పారేసేవాళ్లం. ఏది అతికించాలో ఏది పారెయ్యాలో మిల్లు నేర్పింది. ఇంటికొచ్చి నేనే మర్చిపోయాను. ఇప్పుడు బీరువాలో ఒక కొత్త వైరు ఎప్పుడూ ఉంటుంది. మా అక్క ఇంట్లో ఇంకొకటి.