ఉద్యోగం రానివారికి సాక్ష్యం లేదా?



మన సంఘాల్లో సాక్ష్యాల సమయంలో ఎవరు లేచి నిలబడుతున్నారో ఒకసారి ఆలోచిద్దాం. ఉద్యోగం వచ్చిన బిడ్డ నిలబడతాడు. మనం చప్పట్లు కొడతాం, తల్లిదండ్రులు కృతజ్ఞత కానుక ఇస్తారు. మంచిదే. అయితే మూడేళ్లుగా పరీక్షలు రాస్తున్న బిడ్డ వెనక వరుసలో తల వంచుకొని కూర్చుంటాడు. మందిరం బయటికి రాగానే మనం వాడిని అడిగే మాట, "ఇంకా ఏమీ రాలేదా?" ఆ తర్వాత చెప్పే మాట, "ప్రార్థనలో లోపముందేమో చూసుకో నాయనా." ఈ రెండో మాట అన్యాయమైనదని మేము నమ్ముతున్నాము.

హైదరాబాదు పాతబస్తీ అంచున, అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. డిగ్రీ చదివేవారు, డిగ్రీ ముగించినవారు అక్కడ కూర్చొని పోటీ పరీక్షలకు చదువుకుంటారు. నయాపూల్ మీదుగా మూసీ దాటితే సిటీ కాలేజీ, దాని పక్కనే హైకోర్టు. మన పల్లెల బిడ్డలు కొందరు తిరిగేది ఈ దారుల్లోనే.

వాళ్లు ఏమి చూశారో గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగాయి. పాతిక వేల మంది గట్టెక్కారు, ఇళ్లలో స్వీట్లు పంచుకున్నారు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్. ఆ తర్వాత కూడా కోర్టు గడప తప్పలేదు. 2022లో డిగ్రీలో చేరిన పిల్లలు పట్టా పుచ్చుకునే నాటికి కూడా ఆ నియామకాలు తేలలేదు.

ఇందులో ఆ బిడ్డల ప్రార్థన లోపం ఎక్కడుంది? పేపరు వాళ్లు లీకు చేయలేదు. వేలిముద్రలు తీసుకోవలసింది వాళ్లు కాదు. మనుషుల తప్పుకు దేవుని పేరు తగిలించి, దెబ్బ తిన్నవాడి మీదే భారం మోపడం భక్తి కాదు.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో సాయంకాలం దాకా సంతవీధిలో నిలబడిన కూలీలను చూడండి. మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదన్నారు. యజమాని వారిని సోమరులని తీసిపారేయలేదు. ఆ మాట నమ్మి తోటలోకి పంపాడు.

మనం ఏమి చేయగలం? "ఏమైంది?" అనే బదులు "వచ్చే పరీక్షకు ఛార్జీలు ఉన్నాయా, గది అద్దె కట్టావా?" అని అడుగుదాం. సంఘం కానుకలో కొంత దానికి పక్కన పెడదాం. డబ్బిస్తే ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు పొలం అమ్మి ఇవ్వవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెబుదాం. గ్రూప్-1 కోసం ఆగుతూనే ఏ దుకాణంలోనో లెక్కలు రాస్తున్న బిడ్డను చిన్నచూపు చూడవద్దు.

వచ్చే ఆదివారం, ఇంకా ఎదురుచూస్తున్న వారికి కూడా సాక్ష్యం చెప్పే అవకాశం ఇద్దాం. పడి లేచి మళ్లీ పుస్తకం తెరవడం చిన్న సాక్ష్యమేమీ కాదు. ప్రభువు మన నోటి మాటలను కాచి కాపాడును గాక.