ఆటగాడికే ఆశ్రయమా?

ఫవాద్ అహ్మద్ పేరు క్రికెట్ చూసే మన పాఠకుల్లో కొందరికైనా గుర్తుండవచ్చు. పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా ప్రాంతానికి చెందిన ఈ లెగ్‌స్పిన్నర్ 2010లో స్వల్పకాలిక వీసాపై ఆస్ట్రేలియా వెళ్లి అక్కడ శరణు కోరారు. స్త్రీ విద్య కోసం పాటుపడే స్వచ్ఛంద సంస్థలో పనిచేసినందుకు, క్రికెట్ శిక్షణ ఇచ్చినందుకు తీవ్రవాదులు తనను బెదిరించారని విన్నవించుకున్నారు. వలస శాఖ ఆ విన్నపాన్ని తిరస్కరించింది. అప్పీలు విన్న ట్రిబ్యునల్ కూడా కాదన్నది.

ఈలోగా మెల్‌బోర్న్ క్లబ్ క్రికెట్‌లో ఆయన బౌలింగ్ పెద్దల దృష్టిలో పడింది. ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థ ఆయన పక్షాన నిలిచింది. 2012 నవంబరులో నాటి వలస శాఖ మంత్రి క్రిస్ బోవెన్ స్వయంగా జోక్యం చేసుకుని శాశ్వత నివాస హక్కు మంజూరు చేశారు. పౌరసత్వానికి అవసరమైన నివాస కాలం ఇంకా పూర్తి కాకపోతే 2013లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. ఆ జూలైలో పౌరసత్వం, ఆగస్టులో జాతీయ జట్టులో స్థానం లభించాయి.

ఒక పీడితునికి నీడ దొరికినందుకు మేము సంతోషిస్తున్నాము. అయితే ఆయన ప్రాణభయం గురించి చెప్పిన మాట మొదటి దరఖాస్తులోనూ ఉన్నదే. ఆ మాటకు తెరుచుకోని తలుపు ఆటకు ఎందుకు తెరుచుకున్నదని అడగడం న్యాయమే. మంత్రి వాడిన అధికారం పూర్తిగా ఆయన ఇష్టానికి సంబంధించినది. దానిని వినియోగించి తీరాలని అభ్యర్థి పట్టుబట్టే హక్కు చట్టంలో లేదు. అదే 2013 జూలై 19న ప్రధాని కెవిన్ రడ్, వీసా లేకుండా పడవల్లో వచ్చే శరణార్థులకు ఆస్ట్రేలియాలో ఎన్నటికీ స్థిరనివాసం ఉండదని ప్రకటించారు. ఆ తర్వాత పాపువా న్యూగినీ శిబిరాలకు తరలించిన వారిలో అఫ్గాన్ హజారాలు, ఇరానీయులు, రోహింగ్యాలు ఉన్నారు.

విశిష్ట క్రీడాకారులకూ శిక్షకులకూ శాశ్వత నివాసమిచ్చే వీసా ఆ దేశంలో వేరుగా ఉన్నది. అంతర్జాతీయ గుర్తింపు పొందిన విజయాలు, అదే రంగంలో దేశవ్యాప్త ప్రతిష్ఠ గల వ్యక్తి లేదా సంస్థ మద్దతు దానికి కావాలి. ప్రతిభను ఆహ్వానించడంలో తప్పేమీ లేదు. శరణు మాత్రం ప్రతిభకిచ్చే బహుమానం కాదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేసిన దేశం చూడవలసింది అభ్యర్థికి ఉన్న ముప్పునే గాని, అతని వల్ల తనకు ఒనగూరే లాభాన్ని కాదు.

లాభం చూసి ఇచ్చిన ఆశ్రయానికి లొంగుబాటు కోరే గొంతులూ తోడవుతాయి. బీరు కంపెనీ చిహ్నమున్న చొక్కా తన విశ్వాసానికి సరిపడదని ఫవాద్ మనవి చేసుకుంటే క్రికెట్ సంస్థా, ఆ కంపెనీ కూడా అంగీకరించాయి. అయినా కొందరు మాజీ క్రీడాకారులు ఆయనను తప్పుపట్టారు.

ఇది పరాయి దేశపు ముచ్చటే కదా అని మనం ఊరుకోలేము. హైదరాబాదు బాలాపూర్ గుడిసెల్లో రోహింగ్యా కుటుంబాలు ఏళ్లుగా తలదాచుకుంటున్నాయి. మన దేశం ఆ ఒడంబడికపై సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాల వారిని పేర్కొన్నది. వాటిలో ముస్లింలు లేరు, ఆ దేశాల్లో మయన్మార్ లేదు. అక్కడ ఆట, ఇక్కడ మతం అర్హతగా మారాయి. రెండు చోట్లా వెనక్కు పోయినది ఆపద.

అందుచేత రెండు విషయాలు కోరుతున్నాము. విదేశాల్లో స్థిరపడదలచిన మన క్రీడాకారులు, శిక్షకులు తమకున్న మార్గాలను తెలుసుకుని ధైర్యంగా దరఖాస్తు చేసుకోవాలి. మన సంఘాలు మతంతో, ప్రతిభతో నిమిత్తం లేకుండా ముప్పును మాత్రమే కొలమానంగా తీసుకునే శరణార్థి చట్టం కోసం తమ పార్లమెంటు సభ్యులను నిలదీయాలి. ఏ ఆటా రాని తల్లి తన పిల్లలతో వచ్చి నిలబడినప్పుడు ఆమె మొర వినే చట్టమే మనకు కావాలి.