ముల్లు కదలకపోతేనేం?

సంక్రాంతికి రాజమండ్రి వెళ్లాను. మా ఆడపడుచు ఇంట్లో అందరం టీవీ ముందు చేరాం. ఏదో పాత సినిమా. లావుపాటావిడ కూర్చోగానే కుర్చీ కాస్తా విరిగింది! ఇంటిల్లిపాదీ ఘొల్లున నవ్వారు. మా ఆడపడుచు మాత్రం నవ్వలేదు.

"నన్ను చూసే నవ్వుతున్నట్టుంది వదినా!" అంది.

2015లో వచ్చిన 'సైజ్ జీరో' కోసం అనుష్క కావాలనే లావెక్కింది. తారలకైతే పాత్ర ముగిశాక తగ్గడానికి తీరిక, మనుషులు, డబ్బు ఉంటాయి. మా ఆడపడుచుకి ఉన్నదల్లా వంటిల్లు, 49 ఏళ్ల వయసు, 84 కిలోల బరువు. వాళ్లమ్మ, అంటే మా అత్తగారు, 52వ ఏట గుండెపోటుతో పోయారు. భయం అదీ!

ఆ భయం ఒక్క ఇంటిది కాదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో మరణాల లెక్క తీస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవేనని తేలింది.

డాక్టరుగారు ఆవిడకు సి.ఆర్.పి. అనే రక్తపరీక్ష చేయించారు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుంటే మేలు, 3 దాటితే గుండెకు ముప్పు ఎక్కువ. (జ్వరం, జలుబు ఉన్నప్పుడు చేయిస్తే ఊరికే పెరుగుతుంది సుమా!) ఆవిడకు 5 వచ్చింది. పొట్టలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. ఐ.ఎల్-6 వంటి రసాయనాలను వదులుతుంది. వాటివల్ల కాలేయం సి.ఆర్.పి.ని ఎక్కువ తయారుచేస్తుంది. ఊకలో రాజుకున్న నిప్పులాగా ఒంట్లో వాపు పైకి కనబడకుండా సాగుతుంది.

ఇక్కడే ఉంది ద్విపాత్రాభినయం! బరువులెత్తేటప్పుడు కండ కూడా ఆ ఐ.ఎల్-6నే వదులుతుంది. కొవ్వు దగ్గర విలన్ వేషం కట్టినది కండ దగ్గర హీరో అయి, వాపును అణచే ఐ.ఎల్-10ని వెంటబెట్టుకొస్తుంది.

అలాగని అద్భుతాలు ఆశించకండి. లావుపాటి స్త్రీలపై జరిగిన కొన్ని పరిశోధనల్లో బరువులెత్తడం వల్ల సి.ఆర్.పి. కొంత తగ్గింది, కొన్నింట్లో తేడా రాలేదు. ఒంటి బరువు కూడా తగ్గితే ఫలితం మెరుగు. అంచేత మందులు మానొద్దు. బి.పి., మోకాళ్ల నొప్పులున్నవారు డాక్టర్ని అడిగే మొదలెట్టండి.

వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా ఆడపడుచు ఇసుక నింపిన సీసాలెత్తుతోంది, గోడకు చేతులానించి దండాలు తీస్తోంది, కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చుంటోంది.

మూడు నెలలయ్యింది. కాటా ముల్లు ఒక్క కిలోయే కదిలింది. రక్తపరీక్ష ఇంకా చేయించలేదు. కానీ మొన్న పుష్కరఘాట్ మెట్లు ఆగకుండా ఎక్కేసింది. నేనే రొప్పుతూ వెనకబడ్డాను!

"కుర్చీ విరగలేదు వదినా!" అంది నవ్వుతూ.

ఈసారి ఆ నవ్వు ఆవిడదే. మరి మీ ఇంట్లో కుర్చీ ఉందా?