పాత ఇంజిన్ ఆయిల్‌తో ఫ్రీ హీటింగ్: అంత ఫ్రీ ఏమీ కాదు

యూట్యూబ్‌లో ఒక రకం వీడియోలు ఉంటాయి. అమెరికాలో మంచు కురిసే ఊరు, పాత గ్యాస్ సిలిండర్ కోసి చేసిన పొయ్యి, అందులోకి పైపు నుంచి చుక్కచుక్కగా పడే నల్లటి ఇంజిన్ ఆయిల్. భగ్గున మంట లేస్తుంది, ఇల్లంతా వెచ్చగా! మన ఇంజనీరింగ్ బుర్రలకి ఇది వెంటనే నచ్చేస్తుంది. పారేసేదాన్నే కదా వాడుతున్నారు, తప్పేముంది అనిపిస్తుంది. నా అభిప్రాయం మాత్రం ఒకటే: ఇంట్లో ఈ పని వద్దు.

ముందు వాళ్ల వైపు న్యాయం కూడా చెప్పాలి. గడ్డకట్టే చలిలో హీటింగ్ అనేది లగ్జరీ కాదు, ప్రాణావసరం. పాత ఆయిల్ కిలో కాలిస్తే దాదాపు డీజిల్‌కి దగ్గరగా వేడి వస్తుంది. బిల్లు కట్టలేనివాడి చూపు గ్యారేజ్‌లో ఉన్న డ్రమ్ము మీద పడటంలో వింతేం లేదు.

కానీ ఆ డ్రమ్ములో ఉన్నది ఆయిల్ ఒక్కటే కాదు. ఇంజిన్ అరిగి రాలిన లోహాల పొడి, కంపెనీ ముందే కలిపిన జింక్, ఫాస్ఫరస్, కొంచెం పెట్రోల్, నీళ్లు, మసి అన్నీ ఉంటాయి. లోహాలు మంటలో మాయమైపోవు. కొంత బూడిదలో మిగులుతుంది, కొంత పొగతో పోతుంది. గాలి సరిగ్గా అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఇక కాగిన నూనెలో నీటి చుక్క పడితే ఏమవుతుందో పకోడీలు వేసే అమ్మని అడగండి.

అక్కడి చట్టం దీన్ని పూర్తిగా నిషేధించలేదు, గీత గీసింది. సొంత ఆయిల్, లేదా ఇళ్లలో స్వయంగా ఆయిల్ మార్చుకునేవాళ్లు ఇచ్చినది మాత్రమే హీటర్‌లో కాల్చాలి. హీటర్ సామర్థ్యం గంటకు 5 లక్షల బీటీయూ దాటకూడదు. పొగ బయటికే పోవాలి. సరైన హీటర్ ఉన్న మెకానిక్ షెడ్డుకి ఇది ఓకే. పడుకునే ఇంట్లో సిలిండర్ పొయ్యికి కాదు.

అసలు పాయింట్ ఇంకోటి ఉంది. ఆయిల్ అరిగిపోదు, మురికవుతుంది అంతే. శుద్ధి చేస్తే మళ్లీ ఇంజిన్‌లో పోసుకోవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం సుమారు 3.8 లీటర్ల పాత ఆయిల్ నుంచి 2.4 లీటర్ల లూబ్రికెంట్ వస్తుంది. అంతే లూబ్రికెంట్‌కి ముడి చమురైతే 159 లీటర్లు కావాలి. (మిగతా చమురు పెట్రోల్, డీజిల్ లాంటివి అవుతుందనుకోండి.) మన భాషలో చెప్పాలంటే శుద్ధి చేయడం రీసైకిల్ బిన్ నుంచి రీస్టోర్ చేయడం. కాల్చడం షిఫ్ట్ డిలీట్.

మనకి ఇంటి హీటింగే లేదుగా, మనకెందుకు అంటారా? పాత ఆయిల్ మాత్రం బోలెడుంది. సెంటరింగ్ చెక్కలకి పూసేది కూడా తరచుగా అదే. ఆయిల్ తయారీ కంపెనీలే రీసైక్లింగ్ బాధ్యత తీసుకోవాలని మన దేశంలో 2024 ఏప్రిల్ 1 నుంచి రూల్ వచ్చింది. మంచిదే. కానీ మెకానిక్ డ్రమ్ము దగ్గర ఉన్న ఆయిల్ శుద్ధి చేసేవాళ్ల దాకా చేరకపోతే ఆ రూల్ కాగితం మీదే ఉంటుంది.

అందుకే ఈసారి బైక్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: "అన్నా, ఈ పాత ఆయిల్ ఎవరికిస్తున్నావ్?"