ఆ గుంటల్లో మడ్డి ఎవరు తోడారు?

మొహెంజొదారో మురుగుకాలవల పాఠం ఏటా చెబుతాను. కాల్చిన ఇటుకలు, పైన మూతలు, మధ్యమధ్య మడ్డి దిగే గుంటలు. 1924లో మార్షల్ ఆ నాగరికత సంగతి లోకానికి చెప్పినకాడ్నుంచీ పండితులకి ఒకటే తగువు: కట్టింది ఆర్యులా, ద్రావిడులా? 2019లో, రాఖీగఢీలో తవ్వితీసిన 4000 ఏళ్లు దాటిన ఆడమనిషి ఎముకలో స్టెప్పీ మైదానాలవాళ్ల జన్యువులు లేవని తేలింది. చూశారా, ఆర్యులు బయటినుంచి రాలేదన్నారు కొందరు. ఆమె పోయాక వచ్చినవాళ్ల నెత్తురు ఆమెలో ఎట్టా ఉంటదయ్యా?

సరే, కట్టినోళ్ల కోసం కొట్టుకోండి. మడ్డి తోడినోళ్లు ఎవరని కొట్టుకోరేం?

మా నాయన మున్సిపాలిటీ కాలవల్లో దిగి నన్ను బియ్యే చదివించాడు. పుస్తకంలో ఆ బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి అడిగాడు: "గుంట లోతెంతరా? మనిషి దిగాలా, పైనించే తోడొచ్చా?"