విదేశీ విద్యకు విత్తమెక్కడ?

ప్రతి సంవత్సరం జూన్ మాసంలో మా స్టాఫ్ రూముకు ఒకరిద్దరు పూర్వ విద్యార్థులు వస్తారు. చేతిలో అమెరికా విశ్వవిద్యాలయపు ప్రవేశపత్రం, ముఖాన సంతోషం, ఆ వెనుకనే డబ్బు చింత. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఇందులో ప్రమేయమేమిటని సహాధ్యాపకులు నవ్వుతుంటారు. ఫీజు గడువు కోసం అర్జీ వ్రాయించుకొనుటకైనా, మనసులోని మాట చెప్పుకొనుటకైనా మన పిల్లలకు తెలుగు మాస్టారే దగ్గర.

గత సంవత్సరం వచ్చిన కుర్రవాని తండ్రి దర్జీ. ఎం.ఎస్.లో సీటు వచ్చింది. ఇల్లున్నది గాని కాగితాలు తాతగారి పేరున ఉన్నవి. పినతండ్రులు ముగ్గురూ సంతకం చేయాలి. తాకట్టు లేనిదే అంత మొత్తం ఇవ్వలేమన్నది బ్యాంకు. వడ్డీ సొమ్ము ఇంట అడుగు పెట్టరాదని దాదీమా పట్టు. ఆమెను తప్పు పట్టుటకు మాకు నోరు రాలేదు. కేంద్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యారుణాలపై వడ్డీ భారం కొంత మోసేందుకు 2013–14లో ప్రారంభించిన 'పఢో పరదేశ్' పథకం 2022–23 నుండి నిలిచిపోయినది.

ఇక మిగిలినది తెలంగాణ ప్రభుత్వం మైనారిటీల కొరకు 2015లో ప్రారంభించిన విదేశీ విద్యా పథకం. 10 లక్షలతో మొదలై తరువాత 20 లక్షలకు పెరిగినది. అనేక కుటుంబాలకు అది మేలు చేసిందనుటలో సందేహం లేదు. కాని దాని నిబంధనలు చూడండి: మొదటి సగం అక్కడ దిగినట్లు ఇమ్మిగ్రేషన్ పత్రం చూపిన పిమ్మట, రెండవ సగం మొదటి సెమిస్టరు ఫలితాల పిమ్మట. వీసా ఇచ్చే అధికారి మాత్రం మొదటి ఏడాది ఖర్చుకు సొమ్మున్నదా అని ముందే అడుగుతాడు. ఏరు దాటినవానికి తెప్ప ఇచ్చినట్లున్నది! ఆ పిల్లవాడు వెళ్ళలేదు.

ఇందులో మా తప్పు కూడా ఉన్నది. సీటు వచ్చిన తరువాత డబ్బు వెదకుట మన అలవాటు. రెండూ ఒకేసారి వెదకవలసినవని మేము వానికి చెప్పలేదు. అప్పటికి మాకే సరిగా తెలియదు.

వెనుకటి కాలంలో ఇటువంటి సహాయం ప్రభువుల దయ. సరోజినీదేవి 1895లో నిజాం విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్ళారు. 1913లో అంబేడ్కర్ కొలంబియాకు వెళ్ళినది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో. నేడు అమెరికాలో అధిక భాగం ధనం దయవలన గాక అవసరం వలన లభిస్తున్నది. అక్కడి విజ్ఞాన, ఇంజనీరింగు శాఖలకు ప్రయోగశాలలో పనిచేసేవారు, క్రింది తరగతులకు పాఠం చెప్పేవారు, జవాబుపత్రాలు దిద్దేవారు కావాలి. అందుకై పిహెచ్.డి. విద్యార్థికి ఫీజు మాఫీ చేసి నెలసరి వేతనం ఇస్తారు. దీనినే అసిస్టెంట్‌షిప్ అంటారు. ఎం.ఎస్. విద్యార్థికి ఇది దొరకుట అరుదు. మన పిల్లలు తొంభైపాళ్ళు ఎం.ఎస్. వైపే చూస్తారు; ఎం.ఎస్‌సి. చదివినవారు, నాలుగేళ్ళ బి.టెక్. వారు సైతం అనేక శాఖలలో నేరుగా డాక్టరేటుకు దరఖాస్తు చేయవచ్చునన్న సంగతి వారి చెవిన పడదు. గడువు సాధారణంగా డిసెంబరులోనే ముగుస్తుంది. ధన సహాయంతో వచ్చిన ఆహ్వానానికి ఏప్రిల్ 15 వరకు జవాబు చెప్పనవసరం లేదని అక్కడి అనేక విశ్వవిద్యాలయాల మధ్య ఒడంబడిక కూడా ఉన్నది. కనుక తొందరపడి మొదటి పిలుపుకే తలయూపవలదు.

ఆచార్యులకు వ్రాసే ఉత్తరాల గురించి భాషాధ్యాపకులుగా ఒక మాట. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి, తమను తాము పొగడుకొని, ఒకే ఉత్తరాన్ని నలభైమందికి పంపుతున్నారు. దానిని ఎవరు చదువుతారు? ఆయన వ్యాసాలు రెండు చదివి, అందులో మీకు తోచిన ప్రశ్న ఒక్కటి అరపేజీలో అడగండి. జవాబు రావచ్చు, రాకపోవచ్చు. ఉత్తరమైతే మీదే అవుతుంది.

జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం ఐరోపా యూనియన్ వెలుపలివారి నుండి సెమిస్టరుకు 1500 యూరోలు తీసుకొంటుంది. అయినను వీసా కొరకు ఏడాది జీవనవ్యయం, అనగా 2024 సెప్టెంబరు నుండి 11,904 యూరోలు, ముందే ఉన్నట్లు చూపవలె. ఉచితమన్న మాట విని సంబరపడేవారు ఇది గమనింతురు గాక. బ్రిటిష్ ప్రభుత్వపు చీవెనింగ్ కు రెండేళ్ళు, ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ కు మూడేళ్ళు ఉద్యోగానుభవం కావాలి. పాఠశాలల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థినులు ఇటువైపు కన్నెత్తి చూడకపోవుట మాకు బాధగా ఉన్నది.

యాజమాన్యం వారికి ఒక మనవి. వార్షికోత్సవాన శాలువలకు, పూలమాలలకు అయ్యే ఖర్చులో కొంత తగ్గించి, పరీక్ష రుసుములకు, దరఖాస్తు రుసుములకు కర్జె హసనాగా ఇచ్చే చిన్న నిధి ఏర్పరచండి. వడ్డీ లేని అప్పు. ఉద్యోగం వచ్చినవాడు తీర్చును, ఆ సొమ్ము మరొకరికి అందును. తాకట్టు అడగని ఈ చిన్న మొత్తాల వద్దనే మన పిల్లలలో చాలామంది ఆగిపోతున్నారు.

నిధి వచ్చునో రాదో గాని, సెప్టెంబరు నుండి ప్రతి శనివారం మధ్యాహ్నం మేము స్టాఫ్ రూములో కూర్చుంటాము. ప్రవేశపత్రం వచ్చేదాకా ఆగక, మార్కుల పత్రాలతోనే రండి. ఆ దర్జీగారి అబ్బాయి కూడా వస్తానన్నాడు. ఈసారి డాక్టరేటుకు వేస్తాడట.